పికప్‌కు ఎయిర్ సస్పెన్షన్ ట్యాంక్ ఏడ బిగియ్యాలె: ఖాళీ బండి కింద కాదు, లోడ్ బండి కింద చూడుండ్రి

మొన్న నార్కట్‌పల్లి కాడ చాయ్ తాగుతుంటె ఒక తమ్ముడు పికప్ ఆపి అడిగిండు, అన్నా వెనక లోడ్‌కు సాయంగ ఉండే ఎయిర్ బ్యాగులు ఏపిచ్చిన, కంప్రెషర్ తెచ్చిన, గాలి నింపి పెట్టుకునే ట్యాంక్ కూడ వచ్చింది, ఏడ పెట్టాల్నో సమజైతలేదు, మెకానిక్ ఏమో వెనక బంపర్ లోపట మస్తు జాగ ఉన్నది గాడ్నే పెడ్త అంటుండు, పెట్టియ్యాల్నా అని. నేను వంగి చూసిన. జాగ ఉన్న మాట నిజమే. బండి ఖాళీగ ఉన్నది మరి. ఖాళీ బండి కిందికి వంగి చూస్తె ట్రాక్టర్ ఇంజన్ కూడ పట్టేటంత జాగ కనపడ్తది, 20 బత్తాయి బస్తాలు ఎక్కినంక చూస్తె చెయ్యి పెట్టనీకె సందుండది. ఆ తమ్మునికి చాయ్ అయ్యేలోపు చెప్పింది కొంచెమే, అందుకే పూరాగ రాస్తున్న.

నేను చెప్పేది కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బండ్ల గురించి. బొలెరో పికప్, యోధ, డీ-మ్యాక్స్ ఏదైనా సరే, కింద ఛాసిస్, మీద బాడీ, వెనక కమాన్ కట్టలు ఉండి, వాటికి సాయంగ యాక్సిల్‌కు ఛాసిస్‌కు నడుమ రెండు గాలి బ్యాగులు బిగిచ్చేది. ఈ బ్యాగులు మామూలుగ 5 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలిచే లెక్క) నుంచి 100 పీఎస్ఐ దాంక పని చేస్తయి. ట్యాంక్‌ల మాత్రం 150 దాంక, కొన్ని సెట్లల్ల 200 దాంక గాలి ఉంటది.

ఫస్టు అసలు మీకు ట్యాంక్ కావాల్నా ఒకసారి ఆలోచించుండ్రి. వారానికి ఒకట్రెండు లోడ్లు కొట్టేటోళ్ళకు ట్యాంక్ అక్కర్లేదని నా అభిప్రాయం, బ్యాగులకు బండి టైర్‌కు ఉండే లాంటి వాల్ బయటికి పెట్టుకుంటె పంక్చర్ షాపుల గాలి కొట్టిచ్చుకొని పోవచ్చు. రోజుకు రెండు మూడు సార్లు లోడ్ ఎక్కుతది దిగుతది, పొద్దున చెల్కల, మధ్యాహ్నం హైవే మీద అన్నోళ్ళకు ట్యాంక్ కావాలె. అది కూడ పెద్దది వద్దు. ఈ సెట్లల్ల ఎక్కువగ రెండున్నర గ్యాలన్లు అంటె సుమారు 9.5 లీటర్లది, ఐదు గ్యాలన్లు అంటె సుమారు 19 లీటర్లది వస్తయి. రెండు హెల్పర్ బ్యాగులకు చిన్నదే మస్తు. పెద్దది పెడితె అది నిండేదాంక కంప్రెషర్ ఇంకా ఎక్కువ సేపు కొట్టుకుంట కూసుంటది, పైంగ కింద జాగ ఏడ దొర్కుతది.

సరే ట్యాంక్ కావాలె అనుకున్నరు. అయితె పానా పట్టేముందు చేయాల్సిన మొదటి పని, బండికి మీరు ఎప్పుడు ఎక్కిచ్చేటంత లోడ్ ఎక్కిచ్చుండ్రి, బ్యాగులల్ల గాలి మొత్తం తీసేయుండ్రి, అప్పుడు కిందికి వంగి చూడుండ్రి. గాలి ఎందుకు తీయాలె అంటె, రోడ్డు మీద ఎప్పుడో ఒకనాడు బ్యాగు పంక్చర్ అయితది, పైపు తెగుతది, ఆ దినం యాక్సిల్ మీదికి ఎంత దాంక లేస్తదో అదే మీ అసలు లెక్క. యాక్సిల్ మీద ఛాసిస్‌కు రబ్బరు గడ్డ ఉంటది చూడుండ్రి, బంప్ స్టాపర్, యాక్సిల్ పోయి దానికి తాకేదాంక ఉన్న జాగ మొత్తం యాక్సిల్ సొత్తు, అండ్ల ఏదీ పెట్టొద్దు. యాక్సిల్ లేస్తె దానికి కట్టుకున్న జాయింట్ రాడ్ (ఇంజన్ దిక్కు నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే రాడ్) వెనక కొస కూడ లేస్తది, ఇది మస్తు మంది మర్చిపోతరు, జాయింట్ రాడ్ మీద ఖాళీ ఉన్నదని నడుమ ట్యాంక్ పండవెడ్తరు, ఒక పెద్ద గుంతల పడంగనే టంగ్ అని సప్పుడొస్తది. కదిలేది ఏదైనా సరే, లోడ్ మీద కొలిచినా కూడ కనీసం రెండంగుళాలు ఎడం ఉండాలె.

అట్ల పండుకోనే చాక్‌పీస్ తోటి వద్దనే జాగలు గీసుకోండ్రి. సైలెన్సర్ పైపుకు ఆరంగుళాల లోపట వద్దు, కుదరకుంటె నడుమ రేకు అడ్డం పెట్టాలె. డీజిల్ ట్యాంక్‌కు ఆనుకొని వద్దు. బ్రేక్ పైపులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ పోయే తొవ్వల వద్దు. స్టెప్నీ దింపే గొలుసు, దాని రాడ్ పెట్టే బెజ్జం మూసుకపోవద్దు, రాత్రి దేవరకొండ రోడ్డు మీద పంక్చర్ అయినంక తెలుస్తది ఆ బాధ.

వేడి గురించి ఒక లెక్క చెప్త, ఊరికె భయపెట్టనీకె కాదు. 30 డిగ్రీల కాడ ట్యాంక్‌ల 150 పీఎస్ఐ ఉన్నది అనుకోండ్రి. అదే ట్యాంక్ సైలెన్సర్ పక్కన కాలి 80 డిగ్రీలు అయ్యిందంటె, కొత్తగ ఒక్క చుక్క గాలి ఎక్కకున్నా లోపట ప్రెషర్ 177 దాంక పోతది. మీ సేఫ్టీ వాల్ (ప్రెషర్ మితి మీరితె గాలి ఇడిచేది) 175ది అయితె సుయ్యిమని కొడ్తది. మే నెల నల్లగొండ ఎండలు 44, 45 దాటుతయి, ఇగ ఆ రోడ్డు వేడి, సైలెన్సర్ వేడి కలిస్తె లెక్క మీరే చేసుకోండ్రి. ఇంజన్ కాడ పెట్టొద్దనేది కూడ ఇందుకే. ఇంకోటి, ఆరంగుళాల అడ్డం ఉన్న ట్యాంక్ మూత మీద 150 పీఎస్ఐ కాడ పడే బలం సుమారు 1900 కిలోలు. ఒక మూతకు అంత. అందుకే ట్యాంక్‌కు వెల్డింగ్ పెట్టుడు, కొత్త బెజ్జం చేసుడు, సొట్ట పడితె కొట్టి సరి చేసుడు ఏదీ వద్దు. సొట్ట పడ్డ ట్యాంక్ మార్చుడే.

ఇప్పుడు జాగలు. లారీ డ్రైవర్లు నవ్వుతరేమో గని నేను ఈ పని నేర్చుకున్నది లారీ కింద చూసే. ఎయిర్ బ్రేక్ లారీ ఏదైనా ఆగి ఉంటె కిందికి వంగండ్రి, గాలి ట్యాంకులు ఛాసిస్ పట్టీకి పట్టీలు ఏసి గట్టిగ గుంజి బిగిచ్చి ఉంటయి, చక్రానికి ఎడంగ, అడుగున నీళ్ళు ఇడిచే వాల్. కంపెనీలోళ్ళకు ఎన్నో ఏండ్ల నుంచి తెలిసిన సంగతిని మనం కొత్తగ కనిపెట్టేది లేదు. పికప్‌ల కూడ నా ఓటు గక్కడికే: క్యాబిన్ అయిపోయినంక, వెనక చక్రం మొదలయ్యే ముందు, ఛాసిస్ పట్టీకి బయటి దిక్కు, బాడీ ఫ్లోర్ కింద, ఛాసిస్ పొడుగునే పండుకోవెట్టి. సైలెన్సర్ ఏ దిక్కు పోతదో, డీజిల్ ట్యాంక్ ఏ దిక్కున్నదో మీ బండిల చూసుకొని రెండో దిక్కు పెట్టాలె. రెండు దిక్కుల నిండి ఉన్న బండ్లు కూడ ఉంటయి, అప్పుడు ఛాసిస్ లోపటి దిక్కు అయినా సరే గని జాయింట్ రాడ్ లెక్క మర్చిపోవద్దు.

వెనక బంపర్ లోపట ఎందుకు వద్దంటున్ననో చెప్త. పికప్‌ను వెనక్కి తీసేటప్పుడు గట్టుకో, మార్కెట్ల దిమ్మెకో తాకని డ్రైవర్ ఉన్నడా. వెనకనుంచి ఎవడైనా గుద్దినా ఫస్టు తాకేది అదే. పైంగ వెనక చక్రాలు లేపే దుమ్ము, కంకర, బురద అంత పొయ్యి దాని మీదనే కూసుంటది. వెనక చక్రం ఎదురుంగ అయితె ఇంక అధ్వానం.

బాడీల, క్యాబిన్ ఎనక గోడకు పెడ్తమంటరు కొందరు. చూడనీకె సక్కగుంటది, చెయ్యి అందుతది, నీళ్ళు ఇడుసుడు అల్కగ. షోకు కోసం తిప్పే వీ-క్రాస్ లాంటి బండ్లకు అది మంచి జాగనే, వద్దనను. మన కిరాయి బండ్లకు కాదు. పల్లి బస్తాలు ఇసిరేస్తరు, పత్తి తొక్కి తొక్కి నింపుతరు, యూరియా బస్తా ఒకటి పిగిలి అండ్ల వానపడ్డదంటె ఆ నీళ్ళకు ట్యాంక్ కాళ్ళ కాడ జంగు ఎట్ల తింటదో నేను ట్రాలీలకు చూసిన. క్యాబిన్ల సీటు ఎనక మాత్రం వద్దే వద్దు, కంప్రెషర్ పెట్టుకుంటె పెట్టుకోండ్రి, 150 పీఎస్ఐ ట్యాంక్‌ను మనిషి నడుముకు ఆనిచ్చి పెట్టే పని లేదు. స్టెప్నీ తీసేసి ఆ జాగల పెడ్త అనేటోళ్ళకు నేనేం చెప్పలేను.

జాగ అనుకున్నంక వెంటనే బెజ్జాలు చేయకుండ్రి. ఇది నేను చేసే పని, ఖర్చు లేదు. మన దిక్కు ఏ బాయి కాడ చూసినా బోరు ఏసినప్పుడు మిగిలిన కేసింగ్ పైపు ముక్క పడి ఉంటది. రెండున్నర గ్యాలన్ల ట్యాంక్ అంటె సుమారుగ ఆరంగుళాల అడ్డం, 20 అంగుళాల పొడుగు, కేసింగ్ పైపు కొంచెం లావే ఉంటది, లావున్నా మంచిదే, అది పడితె ట్యాంక్ తప్పక పడ్తది. మీ ట్యాంక్ పొడుగు కొలిచి, ఫిట్టింగులు బయటికొచ్చేదానికి రెండు దిక్కుల మూడేసి అంగుళాలు కలిపి కోయుండ్రి. దానికి చుట్టు సున్నం పూయుండ్రి, గోడకు ఏసే సున్నమే, జర చిక్కగ. ఆరినంక జీఐ తీగ తోటి మీరు అనుకున్న జాగల కదలకుండ గట్టిగ కట్టి, మామూలుగ లోడ్ ఏసుకొని రెండు రోజులు తిప్పుండ్రి, చెల్కలకు కూడ దింపుండ్రి. తర్వాత ఇప్పి చూస్తె ఆ సున్నమే అంత చెప్తది. ఏడన్న గీతవడి నల్లగ గ్రీసు అంటిందంటె జాయింట్ రాడో యాక్సిలో తాకింది. చిన్న చిన్న సుక్కలు లెక్క సున్నం రాలిందంటె కంకర కొడ్తుంది, అడ్డం రేకు కావాలె. అడుగున పొడుగు గీతలుంటె కట్టె గీకింది. నాకు ఒకసారి పైపు అడుగున నాలుగైదు గీతలు పక్కపక్కనే వచ్చినయి, ఏందా అని చూస్తె పత్తి ఏరినంక కోసిన మోళ్ళు, చెల్కల బండి తిప్పినప్పుడు కింద గీక్కుంట పోయినయి. ట్యాంక్‌కు ఏం గాదు గని నైలాన్ పైపు అయితె గుంజి పడేస్తుండె. అందుకే ట్యాంక్ అడుగు ఛాసిస్ అడుగు కంటె కిందికి దిగొద్దు, పైపులు ఛాసిస్ అడుగు నుంచి ఏలాడొద్దు.

ఇగ నా సొంత దెబ్బ. నేను మొదటిసారి ఏపిచ్చినప్పుడు షాపాయన ట్యాంక్‌ను ఛాసిస్ లోపట మంచిగనే పెట్టిండు, తాకుడు లేదు, వేడి లేదు, గని నీళ్ళు ఇడిచే కాక్‌ను అడుగుకు కాకుండ పక్కకు, ఛాసిస్ పట్టీ దిక్కు తిప్పి బిగిచ్చిండు. చెయ్యి పోదు, పానా పోదు. నేను కూడ పట్టించుకోలే, గాలి ట్యాంక్‌ల నీళ్ళేంది అనుకున్న. వానకాలం మొత్తం గడిచింది. తర్వాత బత్తాయి లోడ్ ఏసుకొని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతుంటె చౌటుప్పల్ దాటక ముందే బండి ఎడమ దిక్కు ఒంగింది. పక్కకు ఆపి సోలనాయిడ్ వాల్ (కరెంటు తోటి తెర్చుకొని మూసుకొని బ్యాగులకు గాలి ఇడిచేది) కాడ పైపు పీకితె గాలి తోటి పాటు చాయ్ రంగు నీళ్ళు చిమ్మినయి, నా అంగి మీద ఆ మరక ఇప్పటికి పోలే. జంగు పెళ్ళ ఒకటి వాల్ లోపట ఇరికి అది మూసుకుంటలేదు, బ్యాగుల గాలి మొత్తం బయటికి. కమాన్ కట్టల మీదనే మెల్లగ పోయినం, సరుకు లేటైంది, ఆ కిరాయి లెక్క మాట్లాడుకోకుంటెనే మంచిది.

అయ్యేది ఏందంటె, కంప్రెషర్ గాలిని నొక్కుతది, గాలి వేడెక్కుతది, ఆ వేడి గాలి ట్యాంక్‌లకొచ్చి సల్లవడితె అండ్ల ఉన్న తేమ నీళ్ళైతది. వానకాలం ఇంకా ఎక్కువ. లారీలోళ్ళు పొద్దుగాల ట్యాంక్ కింద రింగు గుంజి నీళ్ళు ఇడిచేది ఇందుకే. కాబట్టి మీరు ఎంచుకునే జాగకు అసలు పరీక్ష ఇది: ట్యాంక్ గాడ ఉన్నంక, బండి కింద పూరా పండుకోకుండ, పక్కన గొంతుకూసొని చెయ్యి పెడితె డ్రెయిన్ కాక్ అందుతదా లేదా. అందకుంటె ఆ జాగ ఎంత మంచిదైనా మీరు నీళ్ళు ఇడవరు, నేను ఇడవలే. కాక్ అందని జాగనే దొరికిందనుకోండ్రి, అడుగు బెజ్జానికి ఒక మోచేయి ఫిట్టింగ్, అడుగున్నర పైపు ఏసి కాక్‌ను ఛాసిస్ అంచుకు తెచ్చుకోవచ్చు, అది కూడ ట్యాంక్ కంటె కిందనే ఉండాలె, మీదికి లేస్తె నీళ్ళు రావు.

ట్యాంక్‌కు నాలుగైదు బెజ్జాలు ఉంటయి, వేటికి ఏది అనేది జాగ తోటి పాటే ఆలోచించాలె. అడుగుది డ్రెయిన్‌కు. బ్యాగుల దిక్కు పోయే గాలి మీది బెజ్జం నుంచో, పక్క బెజ్జం నుంచో పోవాలె, అడుగు నుంచి కాదు. ప్రెషర్ స్విచ్ (ప్రెషర్ చూసి కంప్రెషర్‌ను ఆన్ ఆఫ్ చేసేది) కూడ మీది దిక్కే, నీళ్ళు చేరొద్దు. సేఫ్టీ వాల్ నోరు బురద కొట్టే దిక్కు, మనిషి మొఖం వచ్చే దిక్కు పెట్టొద్దు, దాన్ని సప్పుడు చేస్తుందని తీసి బిరడా కొట్టే మహానుభావులు ఉన్నరు, అట్ల చేయకుండ్రి. కంప్రెషర్‌ను కుదిరితె ట్యాంక్ కంటె మీదికి బిగియ్యుండ్రి, ఆగినప్పుడు పైపుల నీళ్ళు ట్యాంక్‌లకే జారుతయి. కంప్రెషర్ నుంచి వచ్చే మొదటి పైపు ఇనుప అల్లిక ఉన్న దాన్ని దాని తోటే ఇస్తరు, అది పొట్టిగ ఉన్నదని పీకేసి నైలాన్ పైపు ఏస్తె వేడికి మెత్తబడి ఊడుతది. అంటె కంప్రెషర్‌కు ట్యాంక్‌కు దూరం కూడ మీరు జాగ ఎంచుకునేటప్పుడే చూసుకోవాలె.

బిగిచ్చుడు కాడ మూడు మాటలు. ఒకటి, ట్యాంక్ నాలుగు కాళ్ళు ఒక్క దానికే బిగియ్యాలె, అయితె ఛాసిస్, కాకుంటె బాడీ. రెండు కాళ్ళు ఛాసిస్‌కు, రెండు కాళ్ళు బాడీ ఫ్లోర్‌కు పెడితె చూసేటందుకు గట్టిగనే ఉంటది, గని గుంతల బండి పోతున్నప్పుడు ఛాసిస్ ఒక దిక్కు మెలితిరుగుతది, బాడీ ఇంకో దిక్కు ఊగుతది, నడుమ ట్యాంక్ కాళ్ళ వెల్డింగ్ పిగులుతది. ఎడమ పట్టీకి రెండు, కుడి పట్టీకి రెండు పెట్టినా అదే కథ. రెండు, ఛాసిస్‌కు కంపెనీ ఇచ్చిన ఖాళీ బెజ్జాలు మస్తు ఉంటయి, ఫస్టు వాటిని ఎతకుండ్రి. ట్యాంక్ కాళ్ళు వాటికి కుదరవు, అందుకే వెల్డింగ్ షాపుల 5 ఎంఎం యాంగిల్ తోటి ఒక ఫ్రేమ్ చేయించుకొని, దాన్ని ఛాసిస్ బెజ్జాలకు, ట్యాంక్‌ను ఫ్రేమ్‌కు బిగియ్యాలె. ఫ్రేమ్ వెల్డింగ్ బండి బయటనే కావాలె, ఛాసిస్‌కు వెల్డింగ్ వద్దు. కొత్త బెజ్జం తప్పదంటె ఛాసిస్ నిలువు గోడకు, దాని నడుమ భాగంలనే, మీది కింది మడతలకు ముట్టద్దు, లోడ్ గుంజుడు అంత ఆ మడతల మీదనే ఉంటది, ఇంకా లోపట వైరింగ్, బ్రేక్ పైపు ఉన్నయా చూసి డ్రిల్ పెట్టుండ్రి. మూడు, కాళ్ళ కింద లారీ ట్యూబ్ ముక్కలు కోసి పెట్టి, లోపట నైలాన్ ఉన్న లాక్ నట్లు ఏయుండ్రి. మామూలు నట్టు మన రోడ్ల మీద నెల ఉండది. చేసిన బెజ్జాలకు, ఫ్రేమ్‌కు జంగు పట్టకుండ రెడాక్సైడ్ పూసుడు మర్చిపోకుండ్రి.

ట్యాంక్ తోటి సంబంధం లేదు గని ఒకటి చెప్పకుంటె నాకు మనసొప్పదు. కొన్ని పికప్‌లకు వెనక యాక్సిల్‌కు ఛాసిస్‌కు నడుమ ఒక సన్న రాడ్ ఉన్న బ్రేక్ వాల్ ఉంటది, బండి ఎంత కిందికి దిగిందో చూసి లోడ్ ఉన్నదని వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువిస్తది. బ్యాగుల తోటి బండిని లేపంగనే అది బండి ఖాళీ అనుకుంటది, లోడ్ మీద వెనక బ్రేక్ తక్కువ పడ్తది. మీ బండికి ఆ రాడ్ ఉంటె సెట్టింగ్ తెలిసినోళ్ళకు చూపియ్యుండ్రి, ట్యాంక్‌ను దానికి అడ్డం పెట్టకుండ్రి. బ్యాగులు ఏసినంత మాత్రాన ఆర్సీ మీద ఉన్న లోడ్ పెరగది, బండి ఒంగకుండ ఉంటది అంతే. మోటారు వాహనాల చట్టం 1988ల 52వ సెక్షన్ బండి మార్పుల గురించే, ఒప్పుకోని మార్పుకు ఒక్కోదానికి 5000 రూపాయల ఫైన్ పడొచ్చు, ఇన్సూరెన్సోళ్ళు కూడ గదే పట్టుకుంటరు, అందుకే ముందుగాల ఆర్టీఓ ఆఫీసుల అడిగి చేయిచ్చుకోండ్రి.

అంత బిగిచ్చినంక సర్ఫ్ నురుగు బ్రష్ తోటి ప్రతి ఫిట్టింగ్‌కు పూయుండ్రి, సన్న బుగ్గలు ఒక నిమిషం ఆగి వస్తయి, తొందరపడొద్దు. నురుగు అయినంక రాత్రంత అట్లనే ఇడిచిపెట్టి గేజ్ చూడుండ్రి. సాయంత్రం ఎండల నుంచి వచ్చినప్పుడు 35 డిగ్రీల కాడ 150 ఉండి, తెల్లారి 25 డిగ్రీల సల్లల 145 కనపడితె పరేషాన్ కావద్దు, అది లీక్ కాదు, గాలి సల్లవడ్డది అంతే. 120 కనపడితె మాత్రం మల్ల సర్ఫ్ పట్టుకోండ్రి, ఫస్టు గేజ్ ఎనక ఉన్న ఫిట్టింగ్ చూడుండ్రి, ఎక్కువసార్లు నాకు గాడ్నే దొరికింది.